కాటా మీద ఇద్దరు

సంచి సర్దుతున్నది లావినియా. ప్రయాణం మాత్రం ఆమెది కాదు, మేనకోడలు వికాది.

చాప మధ్యలో నీలం సంచి నోరు తెరుచుకుని కూర్చుంది. లావినియా అందులో దుప్పటి కుక్కింది, లాగింది, మళ్ళీ మడతపెట్టి కుక్కింది. అరవై నాలుగేళ్ళ మనిషి, ఒక్కచోట నిలవడం లేదు. వంటింట్లోకి వెళ్ళొచ్చింది, గుమ్మం దాకా వెళ్ళొచ్చింది, ఎవరో అడిగినట్టు ఆకాశంకేసి చూసి "గాలి లేదు, విమానం వస్తుందిలే" అంది. అంటూనే విసనకర్ర తీసుకుని మెడ దగ్గర విసురుకుంది.

వికా గోడకి చేరగిలబడి ఉంది. ఒంటిమీద రెండు దుప్పట్లు. ముఖం నీళ్ళలో నానినట్టు ఉబ్బిపోయి కళ్ళు సన్నటి గీతలయ్యాయి. నలభై రెండేళ్ళకే అత్తకన్నా పెద్దదానిలా కనిపిస్తోంది. ఏదైనా అడిగితే జవాబు రావడానికి కాసేపు పడుతుంది. వచ్చిన జవాబు కూడా బావి అడుగునుంచి వచ్చినట్టు బొంగురుగా ఉంటుంది. రెండేళ్ళ కిందటిదాకా మోటులావా దీవి చర్చిలో పాట ఎత్తుకునే గొంతు ఇదేనంటే నమ్మడం కష్టం.

గుమ్మం పక్కన పీటమీద కూర్చుని ఇన్‌స్పెక్టర్ లోసెలీ ఇద్దర్నీ చూస్తోంది. సంచులు సర్దడం చూడటం ఆమెకి పడదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఇలాగే సంచి సర్దుకుని, ఆసుపత్రికని పడవెక్కింది. ఆ సంచి మాత్రం తిరిగొచ్చింది.

నిన్న సాయంత్రం రాజధాని నుంచి ఆమెని ఈ దీవికి తరిమినవి డాక్టర్ ఫోనువా మాటలు.

"ఈ జబ్బుకి మందు లేకపోతే కదా లోసెలీ! గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి మందగించింది, ఆ లోటు మాత్ర తీరుస్తుంది. రోజుకొకటి ఇచ్చాను, బరువు పెరిగింది. రెండు చేశాను, పెరిగింది. మూడు చేశాను, నాలుగు చేశాను, ఇంకా పెరిగింది. పోయిన నెలలో ఒళ్ళు చల్లబడి, నిద్రలోంచి లేవకుండా చావు దాకా వెళ్ళొచ్చింది. సీసాలో మాత్రలు పరీక్ష చేయించాను, అసలైనవే. లెక్క ప్రకారమే అయిపోతున్నాయి. ఆమె రక్తంలో మాత్రం ఆ మందు ఉండాల్సినంత లేదు. మరి ఎక్కడికి పోతోంది? ఎవరో ఆమెని చంపుతున్నారు. తొందరేమీ లేకుండా, రోజుకి కొంచెం చొప్పున."

ఆ ఎవరో ఈ ఇంటికి వచ్చిపోయే మనిషే అయి ఉండాలి. వికాని పెద్దాసుపత్రిలో చేర్చుకోవడానికి డాక్టర్ ఏర్పాటు చేశాడు. విమానం పదిన్నరకి. తోడు ఒక్కరినే రమ్మన్నాడు. మందు కాజేస్తున్న చెయ్యే ఆమె చెయ్యి పట్టుకుని విమానమెక్కిస్తే, ఆసుపత్రి మంచం పక్కన కూడా ఆ చెయ్యే ఉంటుంది. ఆ ఆలోచన రాత్రంతా లోసెలీని పడుకోనివ్వలేదు.

"వికా," అంది లోసెలీ ముందుకి వంగి. "ఇంకొక్కసారి అడుగుతాను, విసుక్కోకు. నీ మాత్రలు ఎవరైనా తీసుకుంటున్నారా?"

వికా ఆలోచించింది. పెదాలు కదలడానికి ముందు చాలాసేపు కళ్ళు కదిలాయి.

"లేదు. ఎవరూ తీసుకోవడం లేదు."

"అది అబద్ధమాడే మనిషి కాదమ్మా," అంది లావినియా. "నేనెత్తి పెంచిన పిల్ల. అనుమానించాల్సింది దాని మొగుణ్ణి. మా సెమీసీ వాణ్ణి లోపలేశాడుగా, ఇంక మీరెందుకు పాపం ఇంతదూరం పడవలో ఊగుతూ వచ్చారు?"

మాట్లాడుతూనే సంచిలోంచి పసుపుపచ్చ జాకెట్టు పైకి తీసింది. కొత్తది, కుట్టిన మడత కూడా విప్పలేదు. గుండెకి ఆనించుకుని చూసుకుని, "ఇది నాకు బాగుంటుంది" అని భుజాన వేసుకుంది. పరిమళపు కొబ్బరినూనె సీసా, దీవి ఆచారం ప్రకారం బట్టమీద నడుముకి చుట్టుకున్న చాప మడతలో దోపుకుంది. వికా అటు చూడనైనా లేదు. లోసెలీ కూడా చూసీ చూడనట్టే చూపు తిప్పుకుంది. తండ్రి తోబుట్టువు తీసుకుంటే ఎవరు మాత్రం చూస్తారు? పక్కింటి ఆడమనిషి రొట్టె, టీ ఉన్న పళ్ళెం తెచ్చి ముందు లావినియా ఎదుట పెట్టింది. ఆమె రెండు ముక్కలు తిని మిగిలింది మేనకోడలి వైపు జరిపింది.

"మాత్రల సీసా?" అంది లోసెలీ లేస్తూ.

"నా దగ్గరే ఉంది, జాగ్రత్తగా," అంది లావినియా నడుం తట్టి.

*

పోలీసు స్టేషన్ ఒకటే గది. సగం సార్జెంట్ సెమీసీకి, సగం లాకప్‌కి. సెమీసీ లావినియాకి ఒక్కగానొక్క కొడుకు. మనిషి గుమ్మం నిండా ఉంటాడు.

"రండి రండి ఇన్‌స్పెక్టరమ్మగారూ. మా దీవి దోమలు మర్యాద చేశాయా? కేసు తేల్చేసి పెట్టాను. మీరు టీ తాగి తిరుగు పడవెక్కడమే."

"అప్పుడే తేలిందా?"

సెమీసీ బల్లమీద గాజు సీసా పెట్టాడు. దాన్నిండా తెల్లటి గుండ్రటి మాత్రలు.

"వికా మొగుడు తాలియై పాకలో దొరికాయి. అసలువి దాచేస్తాడు, ఇవి ఇస్తాడు. ఇంకేం కావాలి?"

లోసెలీ ఒక మాత్ర తీసి అరచేతిలో పెట్టుకుంది. ఆమె బొటనవేలి గోరుకన్నా వెడల్పుగా ఉంది.

"ఇవి దేనికి?"

"పందులకి, నులిపురుగులు పోవడానికి," అని లాకప్ ఊచల వెనకనుంచి గొంతు వచ్చింది.

"దీన్ని మింగాలంటే పంది కూడా రెండుసార్లు ఆలోచిస్తుంది సెమీసీ," అంది లోసెలీ. "మీ చెల్లెలు రోజుకి నాలుగు మింగుతోందంటావా?"

ఊచల వెనక తాలియై నవ్వాడు. ఏడుపుకి దగ్గరగా ఉన్న నవ్వు.

"నవ్వు బావా, నవ్వు," అన్నాడు సెమీసీ వెనక్కి తిరక్కుండానే. "పరాయి దీవి నుంచి వచ్చి మా పిల్లని చేసుకుని, అది బూరెలా పొంగుతుంటే పక్కన కూర్చుని చూశావు. ఇప్పుడు నవ్వు."

"నువ్వా గది చూశావా?" లోసెలీ అడిగింది. "ఆమె మాత్రలు వేసుకునే గది?"

సెమీసీ ముఖం మారింది.

"నేనెలా చూస్తాను? నేను అన్నని."

"మేనత్త కొడుకువి."

"అయితే? మేనత్త కొడుకు అన్న కాకుండా పోతాడా? చెల్లెలు పడుకునే గదిలో అన్న కాలు పెడతాడా? మీ రాజధానిలో పెడుతున్నారేమో."

"అక్కడా పెట్టరు. అందుకే అడుగుతున్నా. కాలు పెట్టని గదిలో జరిగిన నేరం ఎలా తేల్చావు?"

లోసెలీ ఊచల దగ్గరికి జరిగింది. తాలియై కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గోళ్ళలో ఇంకా తోట మట్టి ఉంది.

"పొద్దున లేచిందగ్గర్నుంచి ఏం చేస్తావో వరసగా చెప్పు."

"చర్చి గంటకి లేస్తాను. పళ్ళెంలో నాలుగు మాత్రలు పెడతాను. ఏమీ తినకముందే వేసుకోవాలని డాక్టర్ చెప్పాడు. నీళ్ళు పెడతాను. దాని చేతికిచ్చి తోటకి పోతాను."

"మింగడం చూస్తావా?"

"చూడను."

"చూడడు!" అన్నాడు సెమీసీ. "విన్నారా?"

"నువ్వుండు. ఎందుకు చూడవు?"

"దాని మేనత్త అప్పటికే ప్రార్థనకి వచ్చి కూర్చుంటుంది కదమ్మా. ఆమె కూర్చున్న చోట నేను కూర్చోను. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది, ఏనాడూ కూర్చోలేదు."

"అత్త కాక ఇంకెవరొస్తారు?"

"ఎవరూ రారు."

"ఆ మాత్రలు ఎవరైనా తీసుకోవడం..."

"ఎవరూ తీసుకోలేదు. ఒట్టు." తాలియై ఊచలు పట్టుకున్నాడు. "నేను లేవగానే ముందు దాని పాదాలు పట్టుకుని చూస్తానమ్మా, వెచ్చగా ఉన్నాయా లేదా అని. పోయిన నెలలో ఆ రోజు చేప పట్టుకున్నట్టున్నాయి. అప్పట్నుంచి నాకు తెల్లారుతుందంటేనే భయం. నన్ను దాంతో పంపండి. వచ్చాక ఇందులోనే పడేద్దురుగాని. నేను లేకపోతే మాత్రలెవరిస్తారు దానికి?"

"మా అమ్మ ఇస్తుంది," అన్నాడు సెమీసీ. ప్రశ్న పూర్తయీ అవకముందే అన్నాడు. "తోడుగా మా అమ్మే వెళ్తోంది. అన్నీ మాట్లాడేశాను."

లోసెలీ అతనివైపు తిరిగింది. ఆ తొందర ఆమెకి నచ్చలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు, ఒక బొటనవేలు రెండోదాన్ని నలుపుతోంది.

"నాకా గది చూపించు," అంది. "గుమ్మం దాకా వచ్చి నిలబడు చాలు."

*

గదిలో వికా వాసన, కర్పూరం వాసన. ఆమెని బయట అరుగుమీద కూర్చోబెట్టారు, వ్యానుకోసం. సెమీసీ గడపకి ఒక గజం ఇవతలే ఆగి కొబ్బరిచెట్ల వైపు ముఖం పెట్టుకుని నిలబడ్డాడు.

లోసెలీ తొందరపడలేదు. ముందు తలుపు దగ్గరే నిలబడి గదంతా చూసింది. గోడవార చాప మనిషి బరువుకి లోపలికి అణిగి గుంటపడింది. అది వికా చోటు. ఎదురుగా కిటికీ కింద ఇంకో చోటు నునుపెక్కింది. అది లావినియా చోటు. రెంటికీ మధ్య చెక్క పళ్ళెం.

ఆమె మోకాళ్ళమీద కూర్చుని పళ్ళెం వాసన చూసింది, ఏమీ లేదు. చాప అంచులెత్తి చూసింది. దిండు కుట్లు వేళ్ళతో తడిమింది. మాత్రలు మింగకుండా దాచే రోగులుంటారు. ఇక్కడ ఒక్కటి కూడా దాచలేదు. కిటికీ బయట నేల చూసింది, విసిరేసిన జాడ లేదు. అంటే మాత్రలు ఈ గదిలోకి వస్తున్నాయి, ఈ గదిలోనే మాయమవుతున్నాయి.

కిటికీ కింద చెయ్యి పెట్టేసరికి ఏదో గరగరలాడింది. మొగలాకుల విసనకర్ర. అంచులు అరిగి ఈనెలు బయటపడ్డాయి. దాని వెనక ఇంకోటి, విరిగింది. ఇంకోటి. మరొకటి, పిడి దగ్గర చెమటకి నల్లబడింది.

ఇది ఆగస్టు, భూమధ్యరేఖకి దిగువనున్న ఈ దీవుల్లో చలికాలం. దీవిలో జనం శాలువాలు కప్పుకుని చర్చికి పోయే నెల. ఒకే గదిలో ఒకరు రెండు దుప్పట్ల కింద వణుకుతుంటే, ఇంకొకరు విసనకర్రలు అరిగేదాకా విసురుకుంటున్నారు.

"అది మా అమ్మది," అన్నాడు సెమీసీ బయటినుంచి. తల తిప్పలేదు. చప్పుడుకే గుర్తుపట్టాడు. "ముట్టుకోకండి."

"మీ అమ్మకి ఉక్కపోస్తుందా ఈ మధ్య?"

"పెద్దవాళ్ళు. ఒకరికి చలి, ఒకరికి ఉక్క. విమానం టైమవుతోంది."

లోసెలీ లేవబోయి ఆగింది. కిటికీ గట్టుమీద రెండు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. రెండిటి అంచూ తడిగానే ఉంది. మాత్ర మింగడానికి ఒక మనిషికి ఒక గ్లాసు చాలు.

ఏదో చేతికందేంత దగ్గర్లో ఉంది. ఎంత దగ్గరంటే కంటికి ఆనడం లేదు. ఈ ఇంట్లో ప్రతి ఒక్కరూ నిజమే చెబుతున్నారు, ఆ నిజాల మధ్యలో ఒక మనిషి చచ్చిపోతోంది.

"ప్రార్థన తర్వాత ఇద్దరూ నీళ్ళు తాగుతారా?" అని అడిగింది.

సెమీసీ రోడ్డు వైపు రెండడుగులు వేశాడు. తర్వాత, "వ్యాను వచ్చింది" అన్నాడు. నిజానికి రాలేదు. ఇంకా కాసేపటికి గాని రాలేదు.

*

విమానాశ్రయం అంటే గడ్డిమైదానం, రేకుల షెడ్డు, షెడ్డులో బియ్యం బస్తాలు తూచే కాటా. చిన్న విమానం కనక ఎక్కేవాళ్ళనీ తూస్తారు. తూచేవాడు మాకా. పైలట్‌కి వినపడాలని బరువులు గట్టిగా అరుస్తాడు, అందుకని దీవిలో ఎవరి బరువూ ఎవరికీ రహస్యం కాదు. సాగనంపడానికి వచ్చినవాళ్ళు బల్లలమీద సర్దుకుని కూర్చున్నారు.

వికాని ఇద్దరు పట్టుకుని కాటా ఎక్కించారు.

"నూట ముప్పై ఒకటి!" అరిచాడు మాకా. "పోయిన క్రిస్మస్‌కి నూట పన్నెండు! ఓ పైలట్ బాబూ, ఇంకో రెక్క తగిలించుకో!"

జనం నవ్వారు. వికా కూడా నవ్వబోయింది, ముఖం కదల్లేదు. చెంపమీద ఒక నీటిబొట్టు మాత్రం జారింది. "నేను తినడం లేదు మాకా," అంది బొంగురుగా. "ఒట్టు, నేనేమీ తినడం లేదు." ఎవరికీ వినపడలేదు, లోసెలీకి తప్ప.

తర్వాత లావినియా. ఎవరి సాయమూ లేకుండా గెంతినట్టే ఎక్కింది.

"డెబ్బై తొమ్మిది! ఇదేంటమ్మా, పోయిన క్రిస్మస్‌కి నూట రెండు కదా! నాకు బాగా గుర్తు, కాటా వంక చూడకురా వెధవా అన్నావు. ఆ బరువంతా ఎక్కడ పారేశావు?"

"మా మేనకోడలికిచ్చాను!" అంది లావినియా విసనకర్ర ఊపుతూ. "పుట్టిందగ్గర్నుంచి దాన్నుంచి తీసుకోవడమే కదా నా పని. ఈ ఒక్కటీ ఇచ్చాను!"

షెడ్డు రేకులదిరేలా నవ్వారు. లోసెలీ పెదవులు కూడా విచ్చుకున్నాయి. విచ్చుకున్నవి అలాగే ఆగిపోయాయి.

దాన్నుంచి తీసుకోవడమే కదా నా పని.

ఈ దీవుల్లో మేనత్త ఏది తీసుకున్నా అది ఆమె హక్కే. లోసెలీకి కూడా ఒక మేనత్త ఉండేది. బడికి వేసుకెళ్ళే కొత్త బూట్లు ఒకసారి పట్టుకుపోయింది. ఆ సాయంత్రం టీచరు, "బూట్లు ఎవరైనా తీసుకున్నారా?" అని అడిగితే, లేదని చెప్పింది లోసెలీ. అబద్ధం చెప్పానని ఈనాటిదాకా ఆమెకి అనిపించలేదు.

ఆమె వికా దగ్గరికి వెళ్ళి, ఎదురుగా నేలమీద కూర్చుంది.

"వికా. పొద్దున పళ్ళెం నీ చేతికి రాగానే ముందు ఎవరికిస్తావు?"

"అత్తకి." ఈసారి జవాబు వెంటనే వచ్చింది. ఆలోచించాల్సిన ప్రశ్న కాదది. "అత్త ముందర పెట్టకుండా ఎలా తింటాను?"

"అత్త ఎన్ని తీసుకుంటుంది?"

"ఒకటున్నప్పుడు సగం. రెండున్నప్పుడు ఒకటి. ఇప్పుడు మూడు." ఆయాసానికి ఆగింది. "మంచి మందు కదా. విదేశాల్నుంచి వస్తుంది. అత్తకి బాగా పనిచేసింది. ఒక్కొక్క రోజు నాలుగూ తీసుకుంటుంది."

"నేనడిగితే ఎవరూ తీసుకోవడం లేదన్నావే!"

వికా ఆ సన్నటి కళ్ళతో ఆమెకేసి అర్థంకానట్టు చూసింది.

"ఎవరూ తీసుకోలేదుగా. అత్తేగా."

డాక్టర్ మందు పెంచిన ప్రతిసారీ అత్త వాటా పెరిగింది. నాలుగు మాత్రలు మేనకోడల్ని బతికించడానికి రాశాడు ఫోనువా. మూడు మాత్రలు ఏ జబ్బూలేని ముసలి గుండెలోకి వెళ్తున్నాయి, రోజూ, నెలల తరబడి. ఉక్క, ఆ నిలవని కాళ్ళు, కరిగిపోయిన బరువు, అన్నీ ఆ మందు ఎక్కువైన గుర్తులే. చంపుతున్నవాళ్ళ కోసం వెతుకుతూ, చస్తున్న రెండో మనిషిని చూడనేలేదు తను.

భుజం మీద బరువుగా చెయ్యి పడింది. సెమీసీ.

"ఇలా రండి," అన్నాడు. షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. పొద్దుటి వెటకారం ముఖంలో లేదు.

"నీకు తెలుసు," అంది లోసెలీ.

"ఈస్టర్‌కి చెప్పింది అమ్మ. నవ్వుతూ చెప్పింది." అతను బూటుతో గడ్డి తన్నాడు. "నాన్న పోయాక ఏడేళ్ళు ఏ పనీ ముట్టక దిగులుగా కూర్చున్న మనిషి. లేచి చీపురు పట్టింది. పాడింది. చర్చిలో ఆడింది. వద్దని ఎలా చెప్పమంటారు? అమ్మకి చెప్పేవాడెవడు? అమ్మ తీసుకున్నదాన్ని దొంగతనమనేవాడెవడు?"

"అందుకని తాలియైని లోపలేశావు."

"మీరు వస్తున్నారన్నారు. ఎవరో ఒకరు ఉండాలి కదా. వికా ఆసుపత్రికి పోతే అక్కడ నర్సులిస్తారు, దానికీ నయమవుతుంది, అమ్మ జోలికి ఎవరూ రారు, బావని ఓ వారానికి వదిలేద్దామనుకున్నా."

"అమ్మని కాపాడుతున్నాననుకున్నావు."

"కాదా?"

లోసెలీ అప్పటికే ఫోన్ చేస్తోంది. ఫోనువా మొత్తం వినలేదు, మధ్యలోనే ఆపేశాడు. "నాడి చూడు. ఇప్పుడే. ఫోన్ పెట్టెయ్యకు."

లావినియా బల్లమీద ఎవరికో ఆ పసుపు జాకెట్టు చూపిస్తోంది. లోసెలీ ఆమె మణికట్టు పట్టుకుంది. వేళ్ళకింద నాడి పరిగెత్తడం లేదు, కొట్టుకుంటోంది, వలలో పడ్డ చేపలా, ఒక వరస లేకుండా. నాలుగు దెబ్బలు కలిసి, ఒకటి తప్పి, మళ్ళీ ఆరు.

"లెక్కపెట్టలేకపోతున్నాను," అంది ఫోన్లో.

అవతల ఫోనువా గొంతు హెచ్చింది. "ఆమెనీ ఎక్కించు. నడవనివ్వకు. ఇంకొక్క మాత్ర కూడా ఆమె నోట్లోకి పోకూడదు."

"అమ్మా," అంది లోసెలీ. "ఆ సీసా ఇవ్వండి."

"ఏ సీసా?"

"నడుం దగ్గరున్నది."

లావినియా నవ్వింది. అలా అడిగినవాళ్ళు ఆమె బతుకులో లేరు. నవ్వుతూనే మడతమీద చెయ్యి వేసుకుంది. అప్పుడు లోసెలీ చెయ్యి చాచి, ఆ ముడుతలున్న చేతిని పక్కకి జరిపి, చాప మడతలోంచి మాత్రల సీసా లాగేసుకుంది.

మాకా చేతిలో తూనిక రాయి జారి కిందపడింది. "అత్త దగ్గర తీసుకోకు!" అని వికా కేక పెట్టింది. ఆ గొంతులో అంత కేక మిగిలుందని ఎవరూ అనుకోలేదు. సెమీసీ రెండంగల్లో వచ్చి లోసెలీ చెయ్యి ఒడిసిపట్టాడు.

"మా అమ్మని తాకుతావా!"

"విరిచెయ్," అంది లోసెలీ. ఆమె చెయ్యి సీసా వదల్లేదు. "విరిచి, ఈ సీసా అమ్మకే ఇవ్వు. ఈస్టర్ నుంచి ఇస్తున్నావుగా. ముందు ఆమె నాడి పట్టుకుని చూడు సెమీసీ. తర్వాత విరువు."

అతను తల్లి చెయ్యి అందుకున్నాడు. జనం అతని ముఖంలోకే చూస్తున్నారు. ఆ పెద్ద ముఖంలో రంగు ఎలా దిగిపోయిందో అందరూ చూశారు.

"ఏమైందిరా?" అంది లావినియా.

లోసెలీయే చెప్పింది. చిన్న మాటల్లో, ఏదీ దాచకుండా. ఆ మాత్రలు వికా ప్రాణమనీ, అవి లేకే ఆమె ఇలా ఉబ్బిపోతోందనీ, లేని జబ్బుకి మింగినందుకే లావినియా గుండె ఇలా అయిందనీ.

లావినియా విసనకర్ర ఆగింది. మేనకోడలికేసి చూసింది, మొదటిసారి చూస్తున్నట్టు.

"నేనా దాన్ని ఇలా చేసింది?" అంది. తర్వాత కొడుకువైపు, తాను ఎరిగిన ఆ ముఖాలన్నిటి వైపు తిరిగింది. "ఒక్కరైనా వద్దనలేదేం?"

పైలట్ షెడ్డులోకి తల పెట్టాడు. వికా బరువుకి తోడు ఇద్దరు ఎక్కొచ్చు, ఇద్దరూ తేలికవాళ్ళయితేనే అన్నాడు. సెమీసీ తానే కాటా ఎక్కాడు. మాకా ఈసారి అరవలేదు. నెమ్మదిగా తల అడ్డంగా తిప్పాడు. సెమీసీ బెల్టు తీశాడు, బూట్లు విప్పాడు, చొక్కా విప్పబోతుంటే మాకా వచ్చి పట్టుకున్నాడు.

"దిగు అన్నా. ఎంత విప్పినా నువ్వు నువ్వే."

"నేను వెళ్తాను," అంది లోసెలీ. "చెయ్యి పట్టుకుని కూర్చుంటాను. నువ్వు వెళ్ళి తాలియైని వదులు. తర్వాతి విమానానికి పంపు. నీ సంగతి నేనొచ్చాక."

లావినియాని కుర్చీలో మోసుకెళ్ళారు. విమానం మెట్ల దగ్గర ఆగమంది. నీలం సంచి నోరు తెరిపించి, భుజంమీది పసుపు జాకెట్టు తీసి, చక్కగా మడతపెట్టి లోపల పెట్టింది. నడుం మడతలోంచి కొబ్బరినూనె సీసా కూడా తీసి పెట్టింది. ఆమె తిరిగి ఇవ్వడం ఆ దీవిలో ఎవరూ ఎన్నడూ చూడలేదు. వికా చూడలేక ముఖం తిప్పుకుని ఏడ్చింది.

ఆ దీవుల్లో వెళ్ళేవాళ్ళు "ఉండు" అంటారు. ఉండేవాళ్ళు "వెళ్ళు" అనాలి. అది మర్యాద.

"ఉండు నాయనా," అంది లావినియా.

సెమీసీ నోరు తెరిచాడు. మాట రాలేదు. ప్రొపెల్లర్ తిరగడం మొదలైంది. గాలికి గడ్డి పడుకుంది. అతను వట్టి కాళ్ళతో, బెల్టు లేని ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని విమానం వెంట కొంతదూరం పరిగెత్తాడు. అప్పటికీ ఆ మాట అనలేదు.

కిటికీలోంచి దీవి చిన్నదైపోయింది. వికా వణుకుతోంది. లావినియా విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని, తన శాలువా తీసి ఆమె మోకాళ్ళమీద కప్పింది. "చల్లగా ఉన్నాయే నీ చేతులు," అంది. లోసెలీ వేళ్ళు ఆమె మణికట్టు మీదే ఉన్నాయి. నాలుగు, ఒకటి తప్పి, ఆరు. రెండు. కింద నీళ్ళు తప్ప ఏమీ లేవు.

వికా తిరిగొచ్చింది, డిసెంబరు మొదటి ఆదివారం. మాకా బరువు తూచి, మెల్లగా చెప్పాడు.

లావినియా తిరిగి రాలేదు. ఆగస్టు పద్నాలుగు, శుక్రవారం, పదకొండు గంటల వేళ, విమానం ఇంకా సముద్రం మీద ఉండగానే పోయింది.